నల్లగొండ ఎండల్లో స్టాంప్డ్ కాంక్రీటు వాకిలి: ఏడాదికే పగుళ్లు, తెల్లమచ్చలు. ఏం చేయాలి?

చల్కనేల
మాది నల్లగొండ పట్టణం శివారు. గేటు నుంచి గడప దాకా, పక్కన కారు నిలిపే చోటు కలిపి నిరుడు ఏప్రిల్ చివర్లో స్టాంప్డ్ కాంక్రీటు (తడి కాంక్రీటు మీద అచ్చులు నొక్కి రాయిలా కనిపించేలా చేసేది) వేయించాం. రాతి పలకల అచ్చు, ఎర్రమట్టి రంగు, గీతల్లో ముదురు గోధుమ నీడ. కొత్తలో దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు. నెల తిరగకముందే పైన గజిబిజిగా సన్నని పగుళ్లు వచ్చాయి. తులసి కోట మూల నుంచి గోరు దూరేంత పగులు ఒకటి ఏటవాలుగా గేటు వైపు పోయింది. వానలు వెళ్లాక అక్కడక్కడా తెల్లగా పొర కట్టింది, కడిగినా పోవడం లేదు. కారు చక్రాలు ఆగే చోట పైపూత పెచ్చులుగా లేస్తోంది.

కాంట్రాక్టర్‌ను అడిగితే "ఈ జిల్లా ఎండలకు, ఈ నీళ్లకు ఇంతే" అంటున్నాడు. ఇప్పుడు ఫోను కూడా ఎత్తడం లేదు. నిజంగా ఎండలదే తప్పైతే మన దగ్గర ఎవరూ ఈ పని చేయించకూడదు కదా? మళ్లీ ఒక పూత సీలర్ (కాంక్రీటు మీద కాపుగా వేసే పైపూత) కొడితే అన్నీ పోతాయని ఇంకొకాయన వచ్చి చెప్పాడు. ఇంకోసారి డబ్బు పెట్టే ముందు అనుభవం ఉన్నవాళ్ల మాట కావాలి.

తాండూరు_బండ
బండలు పరచుకుంటే ఈ గొడవే లేదు. మా తాత వేయించిన తాండూరు బండల మీద మా పిల్లలు ఆడుకుంటున్నారు. పగిలితే ఆ ఒక్క బండ తీసి ఇంకొకటి పెట్టుకోవచ్చు. పోతపోసిన దానికి ఆ వీలు ఎక్కడిది?

గడియారం_సెంటర్
నల్లగొండ నీళ్లంటేనే ఫ్లోరైడు. మనుషుల ఎముకలనే వంచిన నీళ్లు, కాంక్రీటును వదులుతాయా? బోరు నీళ్లతో కలిపి ఉంటారు, అదే కారణం.

సైటు_ఇంజినీరు
@గడియారం_సెంటర్ ఫ్లోరైడుకూ దీనికీ సంబంధం లేదండీ. తాగే నీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే మనుషులకు ప్రమాదం. కాంక్రీటుకు ఆ మోతాదు లెక్కలోకే రాదు. కాంక్రీటు నీళ్లలో చూడాల్సింది క్లోరైడు, సల్ఫేటు. ఐఎస్ 456 (కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణం) ప్రకారం ఇనుము ఉన్న కాంక్రీటుకు క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదు, సల్ఫేటు 400 మించకూడదు, పీహెచ్ 6 కంటే తగ్గకూడదు. మన బోర్లలో చాలావరకు ఈ హద్దులోనే ఉంటాయి, అయినా పరీక్ష చేయిస్తే మనసు కుదుటపడుతుంది. బోరు నీళ్లలో అసలు చికాకు గట్టిదనం, అంటే సున్నం లాంటి లవణాలు ఎక్కువగా ఉండటం. అది కాంక్రీటు బలాన్ని తీయదు, ఆరినప్పుడు పైన తెల్లటి మరక వదులుతుంది.

@చల్కనేల మీరు చెప్పినవి ఒకే జబ్బు కాదు. నాలుగూ వేరు వేరు. అన్నిటికీ సీలర్ మందు అన్న ఆయనను మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. ముందు ఇవి చెప్పండి: పోత ఎన్ని గంటలకు మొదలైంది? ఎన్నాళ్లు తడి పెట్టారు? పగుళ్లు ఇష్టమొచ్చినట్టు పోకుండా మిషన్‌తో కోసే గీతలు కోశారా, కోస్తే ఎప్పుడు? సీలర్ ఎప్పుడు కొట్టారు?

చల్కనేల
పొద్దున తొమ్మిదికి మిక్సర్ వచ్చింది, పన్నెండున్నర దాకా పోశారు. గాలి కూడా బాగా వీచింది. మర్నాడు కడిగారు, మూడో రోజు మిషన్‌తో గీతలు కోశారు. వారం లోపలే సీలర్ కొట్టి డబ్బు తీసుకుని వెళ్లిపోయారు. తడి పెట్టడం గురించి అడిగితే "రంగు కాంక్రీటుకు నీళ్లు పెడితే మచ్చలు పడతాయి" అన్నారు.

మొరంగడ్డ
ఏప్రిల్ చివర్లో తొమ్మిదికి మొదలుపెట్టారా! అప్పటికే నేల కాలుతుంటుంది. మా మామయ్య దగ్గర పని నేర్చుకున్నవాడిని, మహబూబ్‌నగర్ చుట్టుపక్కల ఇప్పుడు ఇదే పని చేస్తున్నాను. వేసవిలో మేము తెల్లవారకముందే లైట్లు పెట్టుకుని పోత మొదలుపెడతాం. ఎండ ముఖం మీదికి వచ్చేసరికి అచ్చులు ఎత్తేయాలి. ముందురోజు సాయంత్రమే మొరం తడిపి, కంకర మీద గోనెలు కప్పి ఉంచుతాం. కంకర కుప్ప రోజంతా ఎండలో ఉంటే దాన్ని కలిపిన కాంక్రీటు మిక్సర్‌లోనే వేడెక్కిపోతుంది.

అచ్చు వేసే సమయం గడియారం చూసి తెలియదు, వేలు పెట్టి చూడాలి. బొటనవేలు నొక్కితే పావు అంగుళం లోతు గుంట పడాలి, వేలికి తడి ముద్ద అంటకూడదు. శీతాకాలంలో ఆ అదను గంటకు పైగా ఉంటుంది. మే నెలలో ఈ చివర అచ్చు దించేలోగా ఆ చివర బిగిసిపోతుంది. అప్పుడు కుర్రవాళ్లు ఏం చేస్తారంటే, బిగిసిన చోట చెంబుతో నీళ్లు చిలకరించి, అచ్చు మీద ఎక్కి తొక్కుతారు. మీ వాకిట్లో సన్నని పగుళ్లు గజిబిజిగా ఉన్న చోటే అచ్చు లోతు తక్కువగా ఉందేమో చూడండి.

చల్కనేల
@మొరంగడ్డ ఇప్పుడే వెళ్లి చూశాను. మీరు చెప్పినట్టే ఉంది. గేటు దగ్గర అచ్చు లోతుగా, నున్నగా పడింది, అక్కడ పగుళ్లు లేవు. గడప వైపు అచ్చు సగమే పడింది, సన్నని పగుళ్లన్నీ అక్కడే.

సైటు_ఇంజినీరు
సరిగ్గా పట్టుకున్నారు @మొరంగడ్డ. పైన చిలకరించిన నీళ్లు, రంగు పొడి కలిసి పై పొర మాత్రం పలచబడుతుంది. అది లోపలి కాంక్రీటు కంటే ఎక్కువగా ముడుచుకుంటుంది, అందుకే పైపైన పగులుతుంది. దానికి తోడు గాలి. పైకి ఊరే తడి కంటే గాలికి ఆరిపోయే తడి ఎక్కువైతే, గంటకు చదరపు మీటరుకు ఒక కిలో నీరు ఆవిరయ్యే స్థాయి వస్తే, ఇంకా బిగియకముందే పగుళ్లు మొదలవుతాయి. 40 డిగ్రీలు దాటిన గాలిలో పోసే కాంక్రీటుకు ఐఎస్ 7861 అని విడిగా ఒక ప్రమాణమే ఉంది. అంటే ఎండలో ఈ పని చేయకూడదని కాదు, దానికి పద్ధతి ఉంది. మీ కాంట్రాక్టర్ ఎండను తప్పుపట్టడం న్యాయం కాదు.

తడి విషయం. పొడి ఎండల్లో కనీసం 10 రోజులు తడి ఆరకుండా ఉంచాలని ఐఎస్ 456 చెబుతుంది, పీపీసీ (ఫ్లైయాష్ లాంటివి కలిపిన సిమెంటు) లాంటి మిశ్రమ సిమెంటు అయితే 14 రోజుల దాకా ఉంచడం మంచిది. రంగు కాంక్రీటు మీద గోనెలు పరిచినా, నీళ్లు మడులు కట్టినా మచ్చలు పడతాయన్నది నిజం. ప్లాస్టిక్ కవరు ముడతలు తగిలిన చోట కూడా చారలు పడతాయి. అందుకే ఈ పనికి పైన పిచికారీ చేసే క్యూరింగ్ కాంపౌండు, అంటే లోపలి తడి ఆరిపోకుండా పొర కట్టే మందు వాడతారు. నీళ్లు వద్దన్నారు సరే, దాని బదులు ఇంకేదీ చేయకపోవడం అన్యాయం.

మిర్యాలగూడ_మిల్లు
మూడో రోజు గీతలు కోయడం ఏమిటండీ, అప్పటికి అది తనకు ఇష్టమైన చోట పగిలిపోయి ఉంటుంది. మా మిల్లు కళ్లం పోసినప్పుడు సాయంత్రం పోత, తెల్లారేసరికి కటింగ్ మిషన్ దిగింది. మాది అచ్చుల్లేని మామూలు కాంక్రీటు, లారీలు తిరగాలి కాబట్టి మందం కూడా ఎక్కువ. గీతల లెక్క మాత్రం ఒకటే.

సైటు_ఇంజినీరు
అవును. నాలుగు అంగుళాల మందానికి ఎనిమిది నుంచి పది అడుగులకు ఒక గీత, మందంలో నాలుగో వంతు లోతు. ఎండాకాలం పోసిన రోజే, ఆలస్యమైతే ఆ రాత్రికి కోసేయాలి. అచ్చులో రాళ్ల మధ్య గీతలు ఉంటాయి కదా, వాటి వెంటే కోస్తే కంటికి కనిపించవు.

తులసి కోట పగులుకు కారణం ఇంకా తేలిక. కాంక్రీటు ముడుచుకునేటప్పుడు లోపలికి పొడుచుకొచ్చిన మూల ఎక్కడుంటే అక్కడి నుంచే చీలుతుంది. తులసి కోట, మ్యాన్‌హోల్, మెట్టు మూల, స్తంభం, అన్నీ అంతే. కోట చుట్టూ అర అంగుళం థర్మాకోల్ పెట్టి పోసి, నాలుగు మూలల నుంచి గీతలు కోసి ఉంటే ఆ పగులు గీత లోపల దాక్కునేది. ప్రహరీ గోడకు ఆనే అంచుకూ అంతే, మధ్యలో ఖాళీ వదలాలి.

అలంపూర్_రేగడి
మీది చల్క నేల, అదృష్టవంతులు. మాది అలంపూర్ దగ్గర నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు అడుగు లోతు నెర్రెలు విచ్చుతుంది. దాని మీద నేరుగా పోస్తే ఎంత గొప్ప మేస్త్రీ అయినా కాపాడలేడు. మేము రేగడి తవ్వి బయట పారబోసి, ఆ లోతంతా మొరం నింపాం. ఆరు అంగుళాలకు ఒక పొర, ప్రతి పొరకూ తడి, ప్రతి పొర మీదా ర్యామర్ (నేల దంచే మిషన్). అప్పటికే సగం డబ్బు మట్టిలో పోయిందని ఇంట్లో అందరూ కోప్పడ్డారు. ఇప్పుడు కోప్పడినవాళ్లే వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు.

ఇంకో సంగతి, అంచు వెంట పూలమొక్కలకు రోజూ నీళ్లు పోస్తే ఆ పక్క ఉబ్బి పలక లేస్తుంది. ఏసీ నీళ్ల గొట్టం అంచున వదిలినా ఇదే కథ. ఆ నీళ్లన్నీ దూరంగా కాలువ కట్టి వదిలాం.

తాండూరు_బండ
మొరం నింపి, ర్యామర్ కొట్టి, థర్మాకోల్ పెట్టి, రాత్రి లైట్లు పెట్టి... నా బండలకు ఇసుక, సున్నం, ఒక మేస్త్రీ చాలు.

మొరంగడ్డ
@తాండూరు_బండ బండల కింద మట్టి సరిగా లేకపోతే అవీ ఊగుతాయి అన్నా. నిరుడు ఒక ఇంట్లో షాబాద్ బండల సందుల్లో గరిక మోకాలి ఎత్తు పెరిగింది, తీయమని నన్నే పిలిచారు. బయట ఎండావానలకు వాటి పై పొర రేకులుగా లేవడం మీరూ చూసే ఉంటారు. మీ తాతగారి బండలు బాగున్నాయంటే కింద నేల గట్టిగా చేసి పరిచారని అర్థం. ఆ శ్రద్ధ దేనికైనా కావాలి.

తాండూరు_బండ
అది ఒప్పుకుంటాను. మా తాత రోకలితో నేల దంచించాడని నాన్న చెప్పేవాడు.

వనపర్తి_అక్క
నేల, గీతలు సరే, వాకిలి ఊడ్చేవాళ్లను ఎవరూ అడగడం లేదు. మా ఇంట్లో ఇది వేయించాక కళ్లాపి చల్లడం మానేయాల్సి వచ్చింది. పేడనీళ్లు గీతల్లో దిగి పచ్చగా మరకపడింది. ముగ్గు వేస్తే చుక్క ఒక రాయి మీద, గీత ఒక గుంటలో. సంక్రాంతికి పెద్ద ముగ్గు వేసే చోటే లేదు. బతుకమ్మ ఆడేటప్పుడు చెప్పుల్లేని కాళ్లకు ఆ ఎగుడుదిగుళ్లు గుచ్చుకుంటాయి. అందం కోసం వేసుకుని వాకిలిని పోగొట్టుకున్నట్టుంది.

మొరంగడ్డ
అక్కా, ఇది నేను ప్రతి ఇంట్లోనూ ముందే అడుగుతాను. గడప ముందు ఆరు అడుగులకు ఆరు అడుగులు నున్నటి పలక వదిలేస్తాం. అదే రంగు, అదే పోత, అచ్చు మాత్రం కొట్టం. తాపీతో మరీ నున్నగా కాకుండా చెక్కతో రుద్ది వదులుతాం, జారకుండా. చుట్టూ అంచుకే రాతి అచ్చు. ముగ్గు ఆ పలక మీద పడుతుంది, పండుగ రోజు చూస్తే చట్రం కట్టినట్టే ఉంటుంది.

వనపర్తి_అక్క
ఈ మాట మాకు ముందే చెప్పేవాళ్లు ఉంటే ఎంత బాగుండేది! మా చెల్లెలు నాగర్‌కర్నూల్‌లో ఇల్లు కడుతోంది, ఈ రాత్రే ఫోను చేస్తాను.

గడియారం_సెంటర్
పెయింటుతో శాశ్వతంగా ముగ్గు వేయించుకుంటే సరిపోదా అక్కా?

వనపర్తి_అక్క
@గడియారం_సెంటర్ రోజూ పొద్దున వేసేదే ముగ్గు తమ్ముడూ. శాశ్వతంగా ఉండేది బొమ్మ.

చల్కనేల
తెల్లమచ్చల సంగతి మిగిలింది. అది ఉప్పు పూతా, బోరు నీళ్ల మరకా, సీలర్ చెడిందా?

సైటు_ఇంజినీరు
ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఒక మూలన, పైపూత లేచిపోయిన చోట, తెల్లమచ్చ మీద కొంచెం వెనిగర్ పోయండి. బుసబుసమని నురగ వస్తే అది సున్నపు లవణం. కాంక్రీటు లోపలి సున్నం తడితో పైకి వచ్చి గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి గట్టిపడి ఉంటుంది, లేదా కడిగిన బోరు నీళ్లు ఆరి మిగిలి ఉంటుంది. నురగ రాకపోతే ఇంకో చోట గుడ్డకు జైలీన్ (పెయింటును కరిగించే ద్రావకం) తడిపి తుడవండి. తుడిచిన చోట తెలుపు మాయమై రంగు కనిపిస్తే సీలర్ కింద తడి చిక్కుకుందని తెలిసినట్టే. జైలీన్ పెయింటు దుకాణాల్లో దొరుకుతుంది. మంటకు దూరంగా, ముక్కుకు మాస్కు కట్టుకుని, గాలి ఆడే చోట వాడండి. దగ్గర బీడీ కూడా వెలిగించకూడదు.

చల్కనేల
రెండూ చేశాను. గడప వైపు మచ్చకు నురగ రాలేదు. జైలీన్ గుడ్డ తగలగానే అక్కడ ఎర్రరంగు కొత్తగా వేసినట్టు తేలింది. కానీ నీళ్ల డ్రమ్ము పెట్టే చోట గుండ్రంగా ఉన్న తెల్లటి కట్టుకు మాత్రం బాగా నురగ వచ్చింది.

సైటు_ఇంజినీరు
డ్రమ్ము కింద ఉన్నది బోరు నీళ్ల మరక. వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి మెత్తటి బ్రష్‌తో రుద్ది వెంటనే మంచినీళ్లతో కడగండి. భగీరథ నల్లా నీళ్లతో కడిగితే మళ్లీ పొర కట్టదు. దుకాణంలో యాసిడ్ ఇస్తారు, అది పోయకండి, రంగుతో సహా తినేస్తుంది.

మిగతాది సీలర్ తొందర. కాంక్రీటు లోపలి తడి వెళ్లిపోవడానికి దాదాపు 28 రోజులు వదలాలి. వారంలో మూత పెట్టేస్తే, వానల్లో కింద నుంచి ఎక్కిన తడి కూడా తోడై, పొర కింద తెల్లబడుతుంది. మీది జైలీన్‌కు కరిగింది కాబట్టి ద్రావకంతో చేసిన అక్రిలిక్ సీలర్ అయి ఉండాలి, అది మంచిదే. వారం రోజులు వాన లేని పొడి కాలం చూసి, జైలీన్‌ను రోలర్‌తో పలచగా పులమండి. పాత పొర మెత్తబడి, చిక్కిన తడి బయటికి పోయి, మళ్లీ పరుచుకుంటుంది. చాలాసార్లు అంతటితోనే రంగు తిరిగివస్తుంది.

మొరంగడ్డ
చక్రాల దగ్గర పెచ్చులు లేచే చోట ఇంకో అనుమానం. తడి తెల్లగుడ్డతో రుద్దండి. గోధుమ పొడి అంటితే, అచ్చు అంటుకోకుండా చల్లిన రిలీజ్ పొడిని సరిగా కడగకుండానే సీలర్ కొట్టారన్నమాట. పొడి మీద పూత నిలవదు. అలాంటి చోట జైలీన్ పులమడం సరిపోదు, అంత మేర గీకి, సబ్బునీళ్లతో కడిగి, బాగా ఆరాక కొత్త పూత వేయాలి.

పూత ఎప్పుడూ సాయంత్రం వేయండి. పొద్దున వేస్తే కింద నేల వేడెక్కే కొద్దీ రంధ్రాల్లో గాలి ఉబ్బి పూతలో బుడగలు తేలతాయి. సాయంత్రం నేల చల్లబడుతూ ఉంటుంది కాబట్టి ఆ బాధ లేదు. పలచగా రెండు సార్లు, దట్టంగా ఒకసారి వద్దే వద్దు. రెండో పూతలో జారుడు తగ్గించే పొడి కలపమనండి. అది లేకపోతే మొదటి వానకే ఎవరో ఒకరు జారిపడతారు, పెద్దవాళ్లున్న ఇంట్లో మరీ ప్రమాదం.

చలిదేశం_నుంచి
మా ఊరు దేవరకొండ, ఉద్యోగం మిన్నెసోటాలో. ఇక్కడ మా ఇంటి వెనక కూడా ఇదే ఉంది. ఇక్కడి శత్రువు వేరు. కాంక్రీటులోకి దిగిన నీళ్లు గడ్డకట్టి ఉబ్బి పైపొర ఊడిపోతుంది, మంచు కరగడానికి చల్లే ఉప్పు దాన్ని ఇంకా పాడుచేస్తుంది. అందుకని కలిపేటప్పుడే లోపల సన్నని గాలి బుడగలు ఏర్పడేలా చేసే మందు వేస్తారు. మా అన్నయ్య ఊళ్లో వేయించుకుంటూ ఇక్కడి వీడియోలు చూసి "మంచి ఎండ ఉన్న రోజు చూసి పోయాలట" అని నాకే చెప్పాడు. ఇక్కడ మంచి ఎండంటే 20 డిగ్రీలు! చలిదేశాల వీడియోల్లోని వేళలు, మందులు దక్షిణ తెలంగాణకు పనికిరావు, దయచేసి అందరూ గుర్తుంచుకోండి.

మిర్యాలగూడ_మిల్లు
@చలిదేశం_నుంచి బాగా చెప్పారు. వీడియో చూసి మే నెల మధ్యాహ్నం పోయించిన ఇల్లు మా వీధిలోనూ ఉంది.

అలంపూర్_రేగడి
కొత్తగా వేయించేవాళ్లకు రంగు గురించి కూడా చెప్పండి. మా పక్కింట్లో నీలం వేయించారు, రెండు ఎండాకాలాలకు బూడిద రంగు అయిపోయింది.

మొరంగడ్డ
ఎరుపు, పసుపు, గోధుమ, నలుపు ఐరన్ ఆక్సైడ్ రంగులు ఎండకు నిలుస్తాయి. చవక నీలం, ఆకుపచ్చలు ఎండకు వెలిసిపోతాయి. నలుపు నిలుస్తుంది గానీ మధ్యాహ్నం కాలు పెట్టలేరు. మన దగ్గర లేత ఇసుక రంగు, లేత మట్టి రంగు వేసుకుంటే వేడీ తక్కువ, దుమ్ము పడినా కనిపించదు. పైన వేపచెట్టు ఉంటే మాత్రం జూన్‌లో పండ్లు రాలే నెల రోజూ ఊడవాలి, తొక్కితే జిగురు మరక పడుతుంది. సీలర్ ఉన్న నేల మీద అది నీళ్లతో పోతుంది, లేని నేల మీద లోపలికి దిగుతుంది. రెండు మూడేళ్లకు ఒక పూత వేసుకోవడం ఇందుకే.

చల్కనేల
గుడ్డకు గోధుమ పొడి అంటింది, చక్రాల చోటే. అక్కడ గీకించి, మిగతా అంతా దసరా తర్వాత జైలీన్ పులిమిస్తాను. తులసి కోట పగులుకు తెల్లసిమెంటు పూడ్చవచ్చా?

సైటు_ఇంజినీరు
వద్దు. ఆ పగులు ఎండకు, చలికి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది, సిమెంటు అయితే మళ్లీ ఊడుతుంది. పగులు వెంట మిషన్‌తో తిన్నగా గీత కోయించి, సాగే గుణం ఉన్న పాలియురితేన్ సీలెంట్ నింపండి. మట్టి రంగుకు దగ్గరగా ఉన్నది చూసి తీసుకోండి, తడిగా ఉండగానే పైన ఎండిన సన్న ఇసుక చల్లితే చుట్టుపక్కలతో కలిసిపోతుంది. సన్నని పగుళ్లను ముట్టుకోనవసరం లేదు, పూత వాటిని మూసేస్తుంది.

వనపర్తి_అక్క
@మొరంగడ్డ నాగర్‌కర్నూల్ దాకా వస్తారా? మా చెల్లెలు అడగమంది. ఇల్లు సంక్రాంతికి పూర్తవుతుంది.

మొరంగడ్డ
వస్తాను అక్కా. వాకిలి పని జనవరి, ఫిబ్రవరిలో పెట్టుకోమనండి, ఎండలు ముదరకముందే అయిపోతుంది. ఈలోగా మొరం తెప్పించి పరిపించి ఉంచితే మంచిది, రోజూ తడిపి ర్యామర్ కొట్టిస్తే నేను వచ్చేసరికి నేల గట్టిపడి ఉంటుంది. ముగ్గు పలక ఎక్కడ కావాలో గడప దగ్గర సున్నంతో గీసి పెట్టమనండి.